నాచారపు గుండ్లును హిమయుగములును



ఉప్పలునుండి నాచారమునకు పోవు త్రోవలో ముప్పదియేండ్ల క్రిందట నడచినవారు అచ్చటి రాతిగుండ్లను మరచియుండరు. ఇప్పుడవి చాలవరకు కంకరయై ఇండ్ల పునాదులలోను, బాటల క్రిందను అణగియున్నవి. మిగిలినవి కొన్ని చెరువుగట్ల దాపునను, కర్మాగారముల ప్రహరీగోడల వెనుకను, గుళ్ల యావరణములలోను నేటికిని కనబడుచున్నవి. ఒక్కొక్కటి పూరింటియంత యుండును. కొన్ని ఏనుగుమీద ఏనుగు నెక్కించినట్లు ఒకదానిపై నొకటి నిలిచి, గాలి వీచిన పడునేమో యనిపించును; ఎన్ని గాలివానలు వచ్చినను కదలవు.

1991వ సంవత్సరము కార్తికమాసమున నేను పనిచేయుచుండిన పాఠశాల పిల్లలను వనభోజనమునకై అటువైపు తీసికొనిపోతిమి. ఉసిరికచెట్టు క్రింద భోజనములైన పిమ్మట ఆరవతరగతి బాలుడొకడు ఒక గుండును చూపి, "సార్, గీ గుండును గంత మీదికి ఎవరెక్కించిన్రు?" అని అడిగెను. ప్రక్కనున్నవాడు "భీముడు" అనెను. నేను తెలుగు పండితుడను. నా చదువు పంచకావ్యములు, వ్యాకరణము, కొంత జ్యౌతిషము. అయినను అంతకు కొన్నాళ్ల ముందు ఏదో పత్రికలో, ఐరోపాఖండమున మంచు పెనుగుండ్లను నూర్లమైళ్లు మోసికొనిపోయి విడిచిన సంగతి చదివియుంటిని. చదివినదానిని చూపుకొనవలెనను చాపల్యము పండితులకు సహజము. "భీముడు కాదు నాయనా, హిమయుగమున మంచు మోసికొనివచ్చి ఇచ్చట పెట్టినది" అని చెప్పితిని. నలువదిమంది పిల్లలును నోళ్లు తెరచి వినిరి. అడిగిన బాలుడు దానిని పుస్తకములో వ్రాసికొనెను.

అది తప్పు. ఆ గుండ్లను మంచు తేలేదు. ఈ సంగతి నాకు తెలియుటకు పండ్రెండేండ్లు పట్టెను. ఆ బాలుడే పెరిగి, భూగర్భశాస్త్రము చదువుకొని, ఒకనాడు మా యింటికి వచ్చి, నమస్కరించి కూర్చుండి, చాలసేపు అటునిటు మాటలాడి, తుదకు మెల్లగా చెప్పెను. కళాశాలలో చేరిన తొలియేట అధ్యాపకుడు ఈ గుండ్లనుగూర్చి ప్రశ్నింపగా, నా మాటనే నిండు తరగతిలో చెప్పి నవ్వులపాలయ్యెనట. "మీరు చెప్పిన్రని చెప్పిన సార్" అని మాత్రమే యనెను. నిష్ఠురమాడలేదు, ఆడినను నాకు తేలికగా నుండెడిది. మిగిలిన ముప్పదితొమ్మిదిమందియు నేడెక్కడ నున్నారో నేనెరుగను. వారిలో ఎవరైన ఈ ప్రసంగమును వినుచుందురేమో యను ఆశతో, ఆనాడు చెప్పవలసియుండినదానిని నేడు చెప్పుచున్నాను.

మొదట గుండ్ల మాట. ఇది సుమారు 250 కోట్ల సంవత్సరముల క్రిందట భూమిలోపల మిక్కిలి లోతున కరగిన పదార్థము చల్లారి గట్టిపడిన రాయి, గ్రానైటు అందురు. పైనున్న బరువు యుగయుగములుగా అరిగి తొలగిపోగా, క్రిందిరాయి బిగువు సడలి, నిలువుగను అడ్డముగను బీటలు వారి, పెట్టెలు పేర్చినట్లు తునుకలైనది. ఆ బీటలలోనికి వాననీరు దిగినది. పెట్టె మూలను నీరు మూడువైపులనుండి తినును. అంచును రెండువైపులనుండి తినును. చదునైన ముఖమును ఒక్కవైపునుండియే తినును. కావున మూలలు ముందు పోవును. పటికబెల్లపు పలుకును నోట పెట్టుకొన్నవారికి ఈ సంగతి వేరుగా చెప్పనక్కరలేదు. అట్లు చివికిన రాయియే మనవారు మొరమని పిలుచు ఎఱ్ఱని గరుసు మన్ను. వానలకు మొరము కొట్టుకొనిపోయినది. నడిమి గట్టిరాయి గుండ్రనై, ఉన్నచోటనే ఒకదానిపై నొకటి నిలిచిపోయినది. గుండును పైకి ఎవ్వరును ఎక్కింపలేదు. చుట్టునున్నదే క్రిందికి దిగిపోయినది.

ఈ తప్పులో నాకొక గొప్ప తోడు దొరకినాడని తరువాత తెలిసినది. హిమయుగమను భావమును 1837లో పండితలోకమున గట్టిగా ప్రతిపాదించిన లూయీ అగాసీ యను స్విట్జర్లాండు విద్వాంసుడు 1865లో బ్రెజిలు దేశమునకు పోయి, అచ్చట ఉన్నచోటనే చివికి గుండ్రనైన రాళ్లను చూచి, ఇవియు మంచు తెచ్చినవే యని భ్రమపడెను. ఒక సత్యమును కనుగొన్నవానికి అన్నిచోటులను అదియే కనబడుచుండును. నేను కనుగొన్నవాడను కాను, పత్రికలో చదివినవాడను మాత్రమే. నాకు అంత మన్ననయు చెల్లదు.

మరి మంచు తెచ్చిన రాయిని గుర్తించుట యెట్లు? నీరు తాను మోసినదానిని తూకము వేసి పంచును. వడిగల చోట గులకరాళ్లు, వడి తగ్గిన చోట ఇసుక, నిలిచిన చోట బురద. మూసీ యొడ్డున ఎవరైనను దీనిని చూడవచ్చును. మంచునకు ఈ వివేకము లేదు. పిండివంటి మన్నును, పిడికెడు రాయిని, బండెడు గుండును కలగలుపుగా మోసి, కరగినచోట కలగలుపుగా పడవేయును. మరియు మంచు అడుగున చిక్కిన రాళ్లు నేలబండను గీచుచు పోవును. గీచిన రాయికిని, గీతపడిన బండకును ఒకే దిక్కున సన్నని చారలు మిగులును. రాళ్ల ముఖములు సానరాతిపై నూరినట్లు చదునగును. నాచారపు గుండ్లపై ఇట్టి గుర్తులు లేవు.

కాని అట్టి గుర్తులు మన తెలుగునేలపై అసలు లేవనుకొనరాదు. 1856లో బ్లాన్‌ఫర్డు సోదరులును వారి సహచరుడు థియోబాల్డును ఒరిస్సాలోని తాల్చేరు ప్రాంతమున భూశోధన చేయుచు, బొగ్గుపొరల క్రింద ఇట్టి కలగలుపు గుండ్ల పొరను చూచి, ఇది మంచు పనియై యుండవలెనని తలచిరి. ఎండలతో మాడు దేశమున మంచేమిటని చాలమంది నమ్మలేదు. 1875లో ఫెడ్డెను అను భూగర్భశాస్త్రజ్ఞుడు చంద్రపురమునకు సమీపమున పెన్‌గంగ తీరమందలి ఇరాయి యను చోట మంచు గీచిన నేలబండను వర్ణించి ప్రకటించెను. పెన్‌గంగ మన ఆదిలాబాదునకు ఎల్లయైన నది. ఆ తాల్చేరు పొరయే ప్రాణహిత గోదావరుల లోయవెంట మన తెలంగాణములోనికి వచ్చి, సింగరేణి బొగ్గునకు అడుగుపీటయై యున్నది. 1889లో ఇల్లందువద్ద త్రవ్వుట మొదలైననాటినుండి మనము తీయుచున్న బొగ్గు అంతయు, మంచు విడిచిపోయిన నేలమీద తరువాత మొలచి కూలిన అడవులదే. ఆ రాతిపొరల కుటుంబమునకు శాస్త్రజ్ఞులు పెట్టిన గోండ్వానా యను పేరు గోండుల దేశమునుబట్టి వచ్చినది. ఆ గోండులు నేటికిని ఆదిలాబాదు అడవులలో మన పొరుగువారు.

నా శిష్యుడు గోదావరిలోయనుండి తెచ్చియిచ్చిన పిడికెడు రాయి యొకటి ఇప్పుడు నా బల్లమీద పంచాంగము గాలికి ఎగిరిపోకుండ కాపాడుచున్నది. ఒక ముఖము చదునైయున్నది. దానిపై వ్రేలిగోటికి తగులునంత సన్నని గీతలు నాలుగు. ఇది నాకు అతడిచ్చిన దిద్దుబాటు.

గోదావరీతీరమునకు మంచు ఎట్లు వచ్చినది? ఈ ప్రశ్నకు సమాధానము మన ఉప్పలు బాటప్రక్కననే కొంత దొరకును. హబ్సిగూడనుండి ఉప్పలునకు వచ్చునపుడు, మెట్రో రైలు నిలుచు ఒక స్థానమునకు తన పేరే యిచ్చిన జాతీయ భూభౌతిక పరిశోధనాసంస్థ గలదు. అది 1961లో స్థాపితమైనది. అచ్చటి విద్యలలో రాతిలోని అయస్కాంతత్వమును కొలుచుట యొకటి. భూమి యొక పెద్ద అయస్కాంతము. స్వేచ్ఛగా వ్రేలాడదీసిన సూది భూమధ్యరేఖాప్రాంతమున పడుకొనియుండును. ధ్రువమునకు పోవుకొలది తల వంచి, ధ్రువమువద్ద నిలువుగా నిలుచును. కరగిన రాయి చల్లారునపుడు దానిలోని ఇనుపరేణువులు ఆ కాలపు వంపునే పట్టుకొని గట్టిపడును. కావున ఒక రాయి పుట్టినపుడు అది ఏ అక్షాంశమున నుండెనో ఆ వంపు చెప్పును. రాయి తన జాతకమును తానే వ్రాసికొనుచున్నదన్నమాట. ఇట్టి లెక్కలవలనను, పొరలలోని ఆకుల అచ్చులవలనను, మంచుగీతల దిక్కులవలనను తేలినది యేమనగా, సుమారు 30 కోట్ల సంవత్సరముల క్రిందట మన దేశము ఇచ్చట లేదు. ఆఫ్రికా, దక్షిణ అమెరికా, ఆస్ట్రేలియా, అంటార్కిటికాలతో కూడి ఒకే ఖండముగా దక్షిణధ్రువమువైపున నుండెను. జర్మనీ దేశస్థుడు వెగెనరు ఖండములు కదలునని వాదించునపుడు చూపిన సాక్ష్యములలో ఈ మంచుగీతలు ముఖ్యమైనవి. మంచు మనయొద్దకు వచ్చినదనుటకంటె మనమే మంచువద్ద నుంటిమనుట సరియైనది.

ఇక హిమయుగములు ఎంతకాలమునకొకసారి వచ్చును? ఇచ్చట ఒక మాట విడమరచి చెప్పవలెను. ఏలన హిమయుగమను ఒకే పేరును లోకము రెండు వేరు సంగతులకు వాడుచున్నది. భూమిమీద ఎక్కడనో ఒకచోట, ఏండ్లుపూండ్లు కరగని పెనుమంచు ఖండములకొలది పరచియుండు దీర్ఘకాలమును మహాహిమయుగ మందము. ఈ యర్థమున మనము నేడును హిమయుగముననే యున్నాము! గ్రీన్‌లాండును అంటార్కిటికాయు మంచుతో కప్పబడియున్నవి కదా. భూమి వయస్సులో ఎక్కువభాగము ధ్రువములవద్దనైనను ఇట్టి మంచు లేకుండగనే గడచినది.

మహాహిమయుగములు ముఖ్యమైనవి అయిదని చెప్పుదురు. మొదటిది సుమారు 240 కోట్ల సంవత్సరముల క్రిందట, అనగా మన నాచారపు రాయి పుట్టిన కొంతకాలమునకు, ఆరంభమైనది. రెండవది 72 కోట్ల యేండ్ల క్రిందటినుండి 63 కోట్ల యేండ్ల క్రిందటివరకు రెండు విడతలుగా వచ్చినది. అప్పుడు మంచు భూమధ్యరేఖకు దాపువరకు ప్రాకినది. మూడవది 44 కోట్ల యేండ్ల క్రిందటిది. దాని గుర్తులు సహారా యెడారిలో నున్నవి. నాలుగవది మన గోదావరిలోయలోనిది. అయిదవది 3 కోట్ల 40 లక్షల యేండ్ల క్రిందట అంటార్కిటికాలో మొదలై, 26 లక్షల యేండ్ల క్రిందట ఉత్తరార్ధగోళమునకును వ్యాపించి, నేటివరకు నడచుచున్నది. ఈ అయిదింటి నడుమ ఎడములను లెక్కించి చూడుడు. ఒకదానికొకటి పొంతన లేదు. కావున ఇన్ని కోట్లకొకసారి యని నియమము చెప్ప వీలులేదు. రావలసిన కారణములు కూడినపుడు వచ్చినవి.

ఆ కారణములలో ఖండముల స్థానము ఒకటి. ధ్రువమువద్ద నేల యున్నగాని మంచు గుట్టలుపడదు. సముద్రప్రవాహములు మార్గము మార్చుకొనుట మరియొకటి. అన్నిటికంటె బలమైనది గాలిలోని బొగ్గుపులుసుగాలి, నేటివారు కార్బన్ డై ఆక్సైడు అనునది. అది భూమికి కప్పిన కంబళి. కంబళి పలుచనైన చలి, మందమైన వేడి.

ఈ కంబళిని పలుచన చేయు పనివాండ్రలో మన నాచారపు గుండు ఒకటి! ఈ మాట విన్ననాడు నేను ఆశ్చర్యపడితిని. వాన కురియునపుడు గాలిలోని బొగ్గుపులుసుగాలి కొంత నీటిలో కరగి, నీటికి రవంత పులుపు నిచ్చును. ఆ పులిసిన నీరే బీటలలో దిగి రాతిని చివుకజేయునది. చివికినపుడు రాతిలోని సున్నము మొదలైన ధాతువులతో ఆ వాయువు కూడి, నీటిలో కరగి, నాచారపు చెరువులనుండి మూసీలోనికి, మూసీనుండి వాడపల్లివద్ద కృష్ణలోనికి, కృష్ణనుండి సముద్రములోనికి పోవును. అచ్చట గవ్వలును చిప్పలును దానిని తమ పెంకులుగా కట్టుకొని, చచ్చి అడుగునకు చేరి, సున్నపురాయి యగును. గాలిలోని వాయువు ఇట్లు రాయియై బంధింపబడును. గ్రానైటుకంటె వికారాబాదు ప్రాంతపు నల్లరాయి ఈ పనిలో చురుకైనది. ఒక వానలో జరుగునది లెక్కకు రాదు. కోట్ల సంవత్సరములు పర్వతములు లేచి అరుగుచున్నపుడు కంబళి పలుచనగును. బొగ్గగు అడవులును ఇట్లే వాయువును నేలలో పాతిపెట్టును. గోదావరి మంచుయుగమునకు ఇతరఖండములందలి అట్టి అడవులు ఒక కారణమని శాస్త్రజ్ఞులు తలచుచున్నారు. అగ్నిపర్వతములు ఆ వాయువును మరల గాలిలోనికి విడుచును. ఈ జమాఖర్చులే భూమి శీతోష్ణములను నడపునవి.

అనగా, బాలుడు అడిగిన గుండును మంచు తేలేదు. గుండ్లు గుండ్రనగు పనియే, ప్రపంచమంతట కూడి, మంచును తెచ్చిన కారణములలో ఒకటి. నేను కార్యమును కారణముగను, కారణమును కార్యముగను తలక్రిందులు చేసి చెప్పితిని.

ఇప్పుడు రెండవ యర్థము. మహాహిమయుగములోపల మంచు ఒకప్పుడు పెరిగి, ఒకప్పుడు తగ్గుచుండును. జనులు సామాన్యముగా హిమయుగ మనునది ఆ పెరిగిన కాలమును. దీనికి మాత్రము తాళము గలదు. 26 లక్షల యేండ్ల క్రిందటినుండి సుమారు 10 లక్షల యేండ్ల క్రిందటివరకు 41,000 సంవత్సరములకొకసారి, తరువాత సుమారు లక్ష సంవత్సరములకొకసారి మంచు పెరిగి తగ్గినది. కడపటిసారి మంచు మిక్కుటమై యుండినది సుమారు 21,000 సంవత్సరముల క్రిందట. తగ్గి నేటి వెచ్చనికాలము ఆరంభమైనది 11,700 సంవత్సరముల క్రిందట. అప్పుడును మన దక్కనుపై మంచు లేదు. కాని నీరంతయు ఉత్తరమున మంచై నిలిచిపోగా సముద్రమట్టము 120 మీటర్లకు పైగా దిగినది; విశాఖపట్టణము, మచిలీపట్టణముల తీరములు తూర్పునకు చాలదూరము జరిగియుండెను. నైరృతి ఋతుపవనము నీరసించినదనుటకు బంగాళాఖాతపు అడుగుబురద సాక్ష్యమిచ్చుచున్నది.

ఈ తాళము వేయునది ఆకాశము. ఇచ్చట నా పాతచదువు కొంత అక్కరకు వచ్చినది. మకరసంక్రాంతిని మనము జనవరి 14, 15 తేదీలలో చేసికొనుచున్నాము. సూర్యుడు నిజముగా ఉత్తరమునకు తిరుగునది డిసెంబరు 21, 22 తేదీలలో. ఈ ఎడమే అయనాంశ. భూమి తిరుగుచున్న బొంగరము తల త్రిప్పినట్లు తన యిరుసును మెల్లగా త్రిప్పుచుండుటవలన అయనములు నక్షత్రముల నడుమ వెనుకకు జరుగుచున్నవి. సూర్యసిద్ధాంతము దీనిని ఏటికి 54 వికలలని చెప్పి, 27 అంశలమేర ఇటునటు ఊగునన్నది. నేటి కొలతలో అది 50 వికలలకు కొంచెము పైన. ఊగుట కాదు, పూర్తిగా చుట్టివచ్చును. చక్రమునకు 12,96,000 వికలలు గదా. భాగించిన సుమారు 25,800 సంవత్సరములు వచ్చును. మరియు భూమి సూర్యునకు దూరమగు స్థానమును మనవారు మందోచ్చ మనిరి. సూర్యసిద్ధాంతమున అది కల్పమునకు 387 మారులు మాత్రమే తిరుగును, అనగా కదలనట్లే. నిజమునకు అది ఏటికి 12 వికలలకు దగ్గరగా ముందునకు జరుగుచున్నది. ఒకటి వెనుకకు 50, ఒకటి ముందునకు 12. రెండును కూడ 62. దానితో చక్రమును భాగించిన సుమారు 21,000 సంవత్సరములు. ఋతువులకును సూర్యసామీప్యమునకును గల పొత్తు ఇంతకాలమున ఒక చుట్టు తిరుగును. ఇప్పుడు భూమి జనవరి మొదటివారమున సూర్యునకు మిక్కిలి దగ్గరగను, జూలై మొదటివారమున మిక్కిలి దూరముగను ఉండును. భేదము 50 లక్షల కిలోమీటర్లు. సుమారు 11,000 సంవత్సరముల క్రిందట ఇది తారుమారై యుండెను.

ఇది యొక గడియారము. రెండవది ఇరుసు వాలుట: 22 అంశలకు కొంచెము పైనుండి 24½ అంశలవరకు 41,000 సంవత్సరములలో పోయివచ్చును. నేడు 23½ అంశలకు రవంత తక్కువ, తగ్గుచున్నది. సిద్ధాంతగ్రంథములు 24 అనుటను చూపి వాని ప్రాచీనతను వేలయేండ్లు వెనుకకు నెట్టువారున్నారు. అది లెక్కకు అనువైన పూర్ణసంఖ్యయని నేనెంచుచున్నాను. మూడవది భూకక్ష్య సాగుటయు గుండ్రనగుటయు. దాని ప్రధానకాలములలో ఒకటి సుమారు లక్ష సంవత్సరములు.

ఈ గడియారములకును మంచునకును సంబంధము నూహించినవారిలో జేమ్సు క్రోలు ఒకడు. స్కాట్లాండు దేశమున గ్లాస్గో నగరపు విద్యాలయమొకదానిలో కావలిపని చేయుచు, అచ్చటి గ్రంథాలయమున తనంతట చదువుకొన్నవాడు. బడిపంతులకు ఇట్టివారి కథ చెప్పుట ఇష్టము. కాని శీతకాలము కఠినమైన మంచు పెరుగునని ఆయన తలచెను. సెర్బియా దేశపు గణితజ్ఞుడు మిలాంకోవిచ్చి దీనిని దిద్దెను. ధ్రువప్రాంతమున శీతకాలమెప్పుడును మంచు కురియునంత చల్లనిదే. ప్రశ్న వేసవిది. 65వ ఉత్తర అక్షాంశమున వేసవి చల్లనైన, పోయినయేటి మంచు కరగక మిగులును. మీద క్రొత్తమంచు పడును. చెల్లింపని వడ్డీ అసలులో కలియుట యిట్లే. పైగా తెల్లని మంచు ఎండను త్రిప్పికొట్టును. డాబామీద సున్నము కొట్టించి వేసవి గడపు ఉప్పలువాసులకు ఇది అనుభవసిద్ధము. మిలాంకోవిచ్చి ఏండ్లతరబడి చేతితో లెక్కలు కట్టి 1941లో తన మహాగ్రంథమును ప్రకటించెను. చాలకాలము దానిని అనుమానించిరి. 1976లో హేసు, ఇంబ్రీ, షాకిల్‌టను అను మువ్వురు దక్షిణ హిందూమహాసముద్రపు అడుగునుండి తీసిన బురదలోని సూక్ష్మజీవుల పెంకులను శోధించిరి. నీరు ఆవిరియగునపుడు తేలికైన ప్రాణవాయువు గల నీరు ముందు లేచును; అది ధ్రువములందు మంచై నిలిచిన, సముద్రమున బరువైనది మిగులును; పెంకులు ఆ నిష్పత్తిని దాచుకొనును. ఆ నిష్పత్తి లక్ష, 41,000, సుమారు 23,000, 19,000 ఏండ్ల తాళములకు ఎగిరి దిగుచుండెను. ఆకాశపు లెక్కయు సముద్రపు లెక్కయు సరిపోయినవి. పది లక్షల యేండ్ల క్రిందట 41,000 తాళము లక్షకు ఏల మారెనో విద్వాంసులు ఇంకను వాదించుచున్నారు.

అగ్నిపర్వతములు హిమయుగమును తెచ్చునా యని కొందరడుగుదురు. సుమారు 74,000 ఏండ్ల క్రిందట సుమత్రాద్వీపమున టోబా పర్వతము ప్రేలగా, దాని బూడిద మన నంద్యాల జిల్లా జ్వాలాపురమున నేటికిని తెల్లని పొరగా నున్నది. ఆ పొరకు క్రిందను పైనను కూడ మానవుల రాతిపనిముట్లు దొరకినవని 2007లో ప్రకటించిరి. బూడిద తెచ్చు చలి కొన్ని యేండ్లది. లక్షయేండ్ల తాళమునకు అది కారణము కాజాలదు.

ఇక ఉదయమున నాతో నడచు మిత్రులు తరచుగా తెచ్చు వాదమొకటి గలదు. "చలియు వేడియు చక్రముగా వచ్చునవే కదా, నేటి వేడికి మనుష్యుని అననేల?" అని. చక్రము నిజము. ఆ చక్రమును చదివిన పిమ్మటనే నాకీ వాదము నిలువదని తోచినది. నేడు గడియారములు ఏమి చెప్పుచున్నవి? ఇరుసు వాలు తగ్గుచున్నది. ఉత్తరపు వేసవి సూర్యునకు దూరమున వచ్చుచున్నది. రెండును చలివైపు మెల్లగా మొగ్గునవే. వేడి యెక్కుట గడియారముల పని కాదు. అంటార్కిటికాలో త్రవ్వితీసిన మంచుకడ్డీలలో 8 లక్షల యేండ్ల గాలి బుడగలుగా చిక్కియున్నది. అందు చలికాలములలో బొగ్గుపులుసుగాలి పదిలక్షల పాళ్లలో సుమారు 180, వెచ్చనికాలములలో సుమారు 280. కడపటి మంచు తగ్గునపుడు ఆ నూరుపాళ్లు పెరుగుటకు వేల యేండ్లు పట్టినది. ఆ మార్పుతో కలిసి భూమి సుమారు 5, 6 డిగ్రీలు వెచ్చనైనది. మనము 280ని 420 దాటించుటకు మూడువందల యేండ్లు పట్టలేదు. తాల్చేరు మంచుమీద మొలచిన అడవులు లక్షల యేండ్లు కూడబెట్టి పాతిపెట్టినదానిని మనము తీసి కాల్చుచున్నాము. ఈ మాట అనునపుడు, నా యింటిదీపమును ఆ బొగ్గుతోనే వెలుగుచున్నదని నేనెరుగుదును. నా శిష్యుని జీతమును అందులోనిదే. ఈ యెక్కువైన వాయువువలన రాబోవు మంచుకాలము ఏబదివేల యేండ్లకు పైగా వెనుకకు పోవునని గణించినవారున్నారు. చలి తప్పినదని సంతోషించువారు, మన వరిపొలములును, తీరములును, ఋతుపవనమును ఈ 11,700 ఏండ్ల మితమైన వాతావరణమున కుదురుకొన్నవని మరువరాదు.

నాకిచ్చిన కాలము ముగియవచ్చినది. నాచారము పోవువారు మిగిలిన గుండ్లలో ఒకదానివద్ద నిలిచి చూడుడు. ఉల్లిపొరవలె పెచ్చు లేచినచోట వ్రేలితో రాచినయెడల గరుసు రాలును. అది చివుకుచున్న రాయి. గీతలకై వెదకవలదు, ఉన్నయెడల అవి శిలలు కొట్టువారి ఉలిగుర్తులు. 1991 కార్తికమున నా మాట వ్రాసికొన్నవారెవరైన వినుచున్నచో, ఆ పుస్తకము ఇంకను ఉన్నయెడల, ఆ వాక్యమును కొట్టివేయుదురుగాక. సెలవు.